అమరావతి, బెంగళూరు, హైదరాబాద్: క్వాంటంలో చేతిపని ఎక్కడ జరుగుతోంది?

కృష్ణలంక · 2025 డిసెంబర్ 5, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా కాలేజీలో ఈ ఏడాది బీటెక్ వాళ్లకి క్వాంటం టెక్నాలజీస్ మైనర్ మొదలుపెట్టారు. సాంకేతిక విద్యని చూసే ఏఐసీటీఈ పోయిన డిసెంబర్‌లో విడుదల చేసిన నమూనా సిలబస్సే, కనీసం 18 క్రెడిట్లు. నేను ఈసీఈ వాణ్ణి. యాంటెన్నాలు, మైక్రోవేవ్ ఇంజనీరింగ్ చెప్పుకుంటూ నా మానాన నేనుంటే రెండు పేపర్లు తెచ్చి నా నెత్తిన పెట్టారు. పాఠాల సంగతి ఎలాగో చూసుకుంటాను. పిల్లలూ, వాళ్ల తల్లిదండ్రులూ అడిగే ప్రశ్నకే నా దగ్గర సరైన జవాబు లేదు: ఇది చదివితే పని ఎక్కడ దొరుకుతుంది?

పేపర్లలో వచ్చింది వచ్చినట్టు చదివాను. మే 2న ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో ప్రకటన, జూన్ 30న విజయవాడలో వర్క్‌షాప్, ఆ వెనకే అమరావతి క్వాంటం డిక్లరేషన్. అమరావతి క్వాంటం వ్యాలీకి 156 క్యూబిట్ల (క్వాంటం కంప్యూటర్ లెక్కకి మూల భాగాలు) హెరాన్ ప్రాసెసర్‌తో ఐబీఎం క్వాంటం సిస్టమ్ టూ అనే యంత్రం వస్తుందన్నారు. పెట్టుకున్న గడువు 2026 జనవరి 1, అంటే నెల కూడా లేదు, యంత్రం ఇంకా రాలేదు. రావడం ఆలస్యమైతే అయింది, నాకు దాని మీద పేచీ లేదు. వచ్చాక దాని చుట్టూ ఎవరు ఏం పని చేస్తారన్నదే అడుగుతున్నాను. ల్యాబుల్లో, కంపెనీల్లో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్తే మా పిల్లలకి అదే చెప్తాను.

ఎదురుగాలి · డిసెంబర్ 5, రాత్రి 10:15

మాస్టారూ, పని బిల్డింగులో దొరకదు, బిల్లు కట్టే కస్టమర్ దగ్గర దొరుకుతుంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు ఇదే మాదిరి ఎగతాళి చేశారు, అది నిలబడింది, కాబట్టి ఇదీ నిలబడుతుందని టీవీ చర్చల్లో ఒకటే వాదన. అప్పుడు వైటూకే పని చేతిలో ఉంది. అమెరికా కంపెనీలు గంటకింత అని డాలర్లు ఇచ్చేవి. మనకు కావలసిందల్లా కుర్చీ, కంప్యూటరు, నెట్ కనెక్షన్.

క్వాంటం కంప్యూటర్ ఈరోజున ఏ వ్యాపారానికి డబ్బు మిగిల్చిపెట్టింది? ఒక్కటి చూపించండి. గూగుల్ విల్లో 105 క్యూబిట్లతో చేసిన పని రికార్డు కోసం తయారుచేసిన లెక్క. మందుల కంపెనీలు, బ్యాంకులు ప్రయోగాలు చేస్తున్నాయి, కాదనను. ప్రయోగానికి పదిమంది చాలు, పదివేల మంది అక్కర్లేదు.

తుళ్లూరు_రైతుబిడ్డ · డిసెంబర్ 5, రాత్రి 10:52

మా వైపు సంగతి. క్వాంటం వ్యాలీకి 50 ఎకరాలన్నారు. 2015లో రాజధాని కోసం పూలింగులో భూములిచ్చిన కుటుంబాలు మావి. మెట్టకి ఎకరానికి 30 వేలు, జరీబుకి 50 వేలు కౌలుతో మొదలుపెట్టిన రోజుల నుంచి అన్ని ప్రకటనలూ చూస్తూనే ఉన్నాం. ఇప్పుడు ఫ్లాట్ల బ్రోచర్ మీద గుడి ఎంత దూరం, స్కూలు ఎంత దూరం అని వేసే చోట క్వాంటం వ్యాలీ ఎంత దూరమో కూడా వేస్తున్నారు. అమ్మేవాడికీ తెలియదు అదేంటో, కొనేవాడికీ తెలియదు.

నా ప్రశ్న వేరే. మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. మే నెల ఎండలు మీకు తెలియనివి కావు. అంత సున్నితమైన యంత్రం ఇక్కడ నిలుస్తుందా? ఎవరినడిగినా నవ్వుతున్నారు తప్ప జవాబు చెప్పట్లేదు.

మిల్లీకెల్విన్ · డిసెంబర్ 6, తెల్లవారుజాము 1:20

బెంగళూరులో ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, సూపర్‌కండక్టింగ్ క్యూబిట్ల మీద. ల్యాబ్ పేరు చెప్పను, మా గైడ్ గారు తెలుగు చదవగలరు.

ముందు తుళ్లూరు గారికి. ఆ ప్రశ్నకు నవ్వాల్సిన పనేం లేదు, మంచి ప్రశ్న. నేల గురించి పెద్దగా బెంగ అక్కర్లేదండీ. పైల్ ఫౌండేషన్ వేసి అదే రేగడిలో అంతస్తుల మీద అంతస్తులు లేపుతున్నారు. ఈ యంత్రానికి గండం కరెంటు దగ్గరా, చల్లనీళ్ల దగ్గరా ఉంది. చిప్ కూర్చునే చోట ఉష్ణోగ్రత 10 నుంచి 20 మిల్లీకెల్విన్, అంటే మైనస్ 273 డిగ్రీలకి కాస్తంత పైన. అక్కడికి దించే డైల్యూషన్ ఫ్రిజ్‌కి పల్స్‌ట్యూబ్ కూలర్ ఉంటుంది. దాని కంప్రెసర్ ఒక్కోటి పది కిలోవాట్ల కరెంటు లాగుతుంది, ఆ వేడంతా చిల్లర్ నీళ్లు మోసుకుపోవాలి. మిట్టమధ్యాహ్నం 45 డిగ్రీల్లో చిల్లర్ మొరాయిస్తే కంప్రెసర్ ట్రిప్ అవుతుంది, ఫ్రిజ్ వేడెక్కడం మొదలెడుతుంది. మళ్లీ కిందికి దించడానికి రోజులు పడుతుంది. దించాక ప్రతి క్యూబిట్‌నీ కొత్తగా ట్యూన్ చేసుకోవాలి. కాబట్టి ఆ క్యాంపస్‌లో మొదటి ఉద్యోగం ఫిజిక్స్ పీహెచ్‌డీకి వస్తుందో లేదో గానీ, చిల్లర్ ప్లాంటు తెలిసిన మెకానికల్ డిప్లొమా వాడికి మాత్రం ఖాయం. వాడికి మా అందరికంటే ఎక్కువ జీతం ఇచ్చినా తప్పులేదు.

మాస్టారూ, మీరడిగిన చేతిపని ఎలా ఉంటుందో కొంచెం దగ్గర నుంచి చెప్తాను. ఫ్రిజ్ అంటే ఒకదాని కింద ఒకటి వేలాడే రాగి ప్లేట్లు, బంగారు పూత పూసినవి. పై ప్లేటు 50 కెల్విన్, దాని కింద 4 కెల్విన్, అలా దిగుతూ దిగుతూ అడుగున అన్నిటికంటే చల్లని చోటు, మిక్సింగ్ చాంబర్. గది నుంచి వచ్చే మైక్రోవేవ్ సిగ్నల్‌తో పాటు గది వేడి కూడా తీగ వెంబడి దిగొస్తుంది కాబట్టి ప్రతి ప్లేటు దగ్గరా ఒక అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించే ముక్క) పెట్టి దాన్ని నరుక్కుంటూ రావాలి. పది క్యూబిట్లకే తీగల పొద తయారవుతుంది. ఒక్కో కనెక్టర్‌నీ టార్క్ రెంచ్‌తో బిగించాలి. చేత్తో బిగిస్తే గదిలో బాగానే ఉంటుంది, చల్లబడ్డాక లోహాలు ముడుచుకుని వదులవుతుంది. అది ఎక్కడ వదులైందో పైనుంచి చూసి చెప్పలేం.

ఇంక లీక్ చెక్. మూత బిగించే ముందు గాడిలో ఇండియం (మెత్తటి లోహం) తీగ చుట్టి, దాని చివరలు ఒకదానిమీద ఒకటి వాలేలా పెట్టి, బోల్టులు ఎదురెదురుగా వరస మార్చుకుంటూ కొద్దికొద్దిగా బిగించాలి. తర్వాత హీలియం లీక్ డిటెక్టర్ తగిలించి సన్నగొట్టంతో ఒక్కో అతుకు మీదా హీలియం ఊదాలి, పైనుంచి మొదలుపెట్టి కిందికి. కింద ఊదితే అది పైకెగిరి పై అతుకు దగ్గర దొంగ సిగ్నల్ చూపిస్తుంది. ఫ్రిజ్ లోపల తిరిగే మిశ్రమంలో ఉండేది హీలియం-3. ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) క్షీణిస్తే వచ్చే వాయువు అది. అణ్వాయుధాల కార్యక్రమాలున్న దేశాల దగ్గర తప్ప పెద్దగా దొరకదు, ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. అది గాల్లోకి పోయిన రోజు గైడ్ ఎదుట పడలేం.

ఇలా చెయ్యి తిరిగిన మనుషులు దేశం మొత్తం మీద చాలా తక్కువ. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఎవరు ఏ ల్యాబ్ వదిలి ఎక్కడికి వెళ్తున్నారో సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది.

దేశపటం సంగతి. జాతీయ క్వాంటం మిషన్‌కి 2023 ఏప్రిల్ 19న కేబినెట్ ఒప్పుకుంది, 6,003.65 కోట్లు, 2030-31 వరకు. నాలుగు హబ్‌లు: కంప్యూటింగ్ మా ఐఐఎస్సీలో, కమ్యూనికేషన్ ఐఐటీ మద్రాసులో సీ-డాట్‌తో కలిసి, సెన్సింగ్ ఐఐటీ బాంబేలో, మెటీరియల్స్ ఐఐటీ ఢిల్లీలో. పోయిన నెల ప్రకటించిన ఫ్యాబ్రికేషన్ కేంద్రాలు కూడా బాంబే, ఐఐఎస్సీ, కాన్పూర్, ఢిల్లీలకే వెళ్లాయి. తెలుగు రాష్ట్రాల పేరు ఈ రెండు జాబితాల్లోనూ లేదు. అమరావతి కథ వేరే దారిలో నడుస్తోంది: ల్యాబ్ నుంచి యంత్రం పుట్టడం కాకుండా యంత్రం తెచ్చిపెట్టి దాని చుట్టూ మనుషులు చేరతారని ఎదురుచూడటం.

ఎదురుగాలి · డిసెంబర్ 6, ఉదయం 7:05

ఆ ఆఖరి వాక్యం ఫ్రేమ్ కట్టించి పెట్టుకోవాలి.

థర్డ్_ఇయర్_ఈసీఈ · డిసెంబర్ 6, ఉదయం 8:30

అన్నా, నేను ఎన్‌పీటీఎల్‌లో ఐఐటీ మద్రాసు, ఐబీఎం కలిసి పెట్టిన క్వాంటం కోర్సు చేశాను. క్విస్కిట్ (ఐబీఎం క్వాంటం ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్) వచ్చు. ఐబీఎం ఓపెన్ ప్లాన్‌లో నెలకు 10 నిమిషాలు ఫ్రీగా ఇస్తున్నారు, అందులో హెరాన్ మెషీన్లే ఉన్నాయి. బెల్ స్టేట్ (రెండు క్యూబిట్లూ ఒకే జవాబు ఇచ్చేలా ముడివేసిన స్థితి) రన్ చేశాను, 00, 11 మాత్రమే రావాలి కదా, 01, 10 కూడా కొన్ని వచ్చాయి. సిమ్యులేటర్‌లో ఎప్పుడూ రాలేదు. అది చూసిన రోజు భలే థ్రిల్.

నా డౌట్ ఏంటంటే, 156 క్యూబిట్ల మెషీన్ మా హాస్టల్ గది నుంచే దొరుకుతుంటే అమరావతిలో ఉన్నదానికి దీనికి తేడా ఏంటి? మా క్లాసులో సగం మంది మెషీన్ వస్తే జాబ్‌లు వస్తాయి అనుకుంటున్నారు.

కోబె_నుంచి · డిసెంబర్ 6, ఉదయం 11:10

తమ్ముడూ, నీ డౌట్‌కి జవాబు నేనుండే ఊళ్లో ఉంది. జపాన్‌లోని కోబెలో రికెన్ పరిశోధన సంస్థ దగ్గర ఈ జూన్‌లోనే సిస్టమ్ టూ మొదలైంది, అదే 156 క్యూబిట్ల హెరాన్. అమెరికా బయట మొదటిది. అక్టోబర్‌లో స్పెయిన్ బాస్క్ ప్రాంతంలో సాన్ సెబాస్టియన్‌లో రెండోది. నేను క్వాంటం మనిషిని కాను, సూపర్‌కంప్యూటింగ్ సాఫ్ట్‌వేర్ వాణ్ణి. బయటినుంచి చూసింది చెప్తాను.

ఇక్కడ దాన్ని ఫుగాకు సూపర్‌కంప్యూటర్ పక్కనే పెట్టారు. క్లౌడ్‌లో జాబ్ పంపితే క్యూలో నిలబడాలి, వచ్చిన జవాబు చూసి మళ్లీ పంపాలి. పక్కనే ఉంటే లెక్కలో సగం ఫుగాకు చేసి, కష్టమైన ముక్క క్వాంటం యంత్రానికి ఇచ్చి, జవాబు తీసుకుని వెంటనే ముందుకు పోవచ్చు. రసాయన అణువుల లెక్కలకి ఈ పద్ధతినే వాడుతున్నారు. అంటే యంత్రం దగ్గర ఉండటం వల్ల లాభం ఉంది, కానీ దాని పక్కన ఇంకో పెద్ద యంత్రమూ, ఆ రెంటికీ తగిన ప్రశ్నా ఉన్నప్పుడే. అమరావతి యంత్రం పక్కన ఏం పెడతారన్నది నాకు 156 కంటే ముఖ్యమైన ప్రశ్న.

ఇంకో సంగతి, ఎదురుగాలి గారు గమనించాలి. జపాన్ వాళ్లు కొన్నదాంతో ఆగలేదు. 2023లో రికెన్ సొంతంగా 64 క్యూబిట్ల యంత్రం పెట్టింది. ఈ ఏప్రిల్‌లో ఫుజిత్సుతో కలిసి 256 క్యూబిట్లది. జూలైలో ఒసాకా యూనివర్సిటీలో నడక మొదలెట్టిన యంత్రం అయితే ఫ్రిజ్‌తో సహా ముఖ్యమైన భాగాలన్నీ దేశంలో తయారైనవే. ఒక చేత్తో కొంటూనే రెండో చేత్తో కట్టుకున్నారు. పైగా వీళ్లకి క్రయోజెనిక్స్, వ్యాక్యూమ్ పంపులు, సన్నటి కో-యాక్సియల్ కేబుళ్లు తయారుచేసే కంపెనీలు దశాబ్దాలుగా ఉన్నాయి. క్వాంటం కోసం పుట్టినవి కావవి.

ఎదురుగాలి · డిసెంబర్ 6, మధ్యాహ్నం 12:40

కోబె గారూ, నేనన్నదే మీరు ఇంకొంచెం మర్యాదగా అన్నారు. అక్కడ పునాది ముందు, యంత్రం తర్వాత. ఇక్కడ యంత్రం ముందు, శంకుస్థాపన తర్వాత, పునాది దేవుడెరుగు.

తుళ్లూరు_రైతుబిడ్డ · డిసెంబర్ 6, మధ్యాహ్నం 1:15

ఎదురుగాలి గారూ, మీకు తమాషాగా ఉంటుంది. ఏదో ఒకటి ముందు రాకపోతే ఏదీ రాదు అన్నది మా ఊళ్లలో పదేళ్లు కూర్చుని చూశాం. పోయిన ప్రభుత్వం హయాంలో ఏం జరిగిందో, ఎవరు ఎవరి

[ఈ పోస్టులో మిగతా భాగం తీసేశాం. చర్చ క్వాంటం గురించి. పార్టీల సంగతి వేరే విభాగంలో రాసుకోండి. తుళ్లూరు గారూ, మిగతాది మళ్లీ రాస్తే సంతోషం. నిర్వాహకుడు]

మైక్రోవేవ్_మావయ్య · డిసెంబర్ 6, సాయంత్రం 6:20

పొద్దున్నుంచి చదువుతున్నా. హైదరాబాద్‌లో ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) పని చేస్తున్నవాణ్ణి, జీవితమంతా రాడార్ రిసీవర్ల మీదే గడిచింది. ఈమధ్య ఒక క్వాంటం ల్యాబ్‌కి కన్సల్టింగ్ చేస్తున్నాను. ఇక్కడ ఎవరూ చెప్పని మాట ఒకటుంది.

సూపర్‌కండక్టింగ్ క్యూబిట్ పలికే ఫ్రీక్వెన్సీ 4 నుంచి 6 గిగాహెర్ట్జ్. అంటే మనకి సీ-బ్యాండ్! ఫ్రిజ్ మూసేసి చూస్తే మిగిలినదంతా రిసీవర్ చైనే. సర్క్యులేటర్ (సిగ్నల్‌ని ఒకే దిశలో పంపేది) ఉంది, లో-నాయిస్ యాంప్లిఫయర్ ఉంది, మిక్సర్ ఉంది, ఎఫ్‌పీజీఏ (మనకి కావలసినట్టు ప్రోగ్రామ్ చేసుకునే చిప్) ఉంది. 4 కెల్విన్ ప్లేటు మీద కూర్చునే యాంప్లిఫయర్ నాయిస్ టెంపరేచర్ (అది తనంతట కలిపే గోల కొలత) రెండు కెల్విన్ లోపు ఉంటుంది. మొదటిసారి డేటాషీట్ చూసి అచ్చుతప్పు అనుకున్నా. వాటిని స్వీడన్‌లో లో నాయిస్ ఫ్యాక్టరీ అనే చిన్న కంపెనీ చేస్తుంది, ప్రపంచంలో సగం ల్యాబులు వాళ్ల దగ్గరే కొంటాయేమో. ఫ్రిజ్ అంటే ఎక్కువగా ఫిన్లాండ్ బ్లూఫోర్స్. ఆర్డరు పెట్టి నెలల తరబడి కూర్చోవాలి.

హైదరాబాద్‌లో ఏముంది? డీఆర్‌డీవో ల్యాబులు, వాటికి మాడ్యూళ్లు చేసిపెట్టే చిన్నా పెద్దా కంపెనీలు, సన్నటి మెషినింగ్ చేసే షెడ్లు, బంగారు పూత పూసేవాళ్లు. బాలానగర్ షెడ్లలో మైక్రాన్ల లెక్కన రాగి చెక్కేవాళ్లున్నారు. ఒక్క సర్క్యులేటర్, ఒక్క ఫిల్టరు చల్లదనంలో పనిచేసేలా ఇక్కడ తయారుచేస్తే దేశంలో ఉన్న ల్యాబులన్నీ కొంటాయి. ముంబైలో దిమిరా అనే స్టార్టప్ క్రయోజెనిక్ కేబుళ్ల మీదే పడింది, జాతీయ మిషన్ మొదటి విడతలో ఎంచుకున్న ఎనిమిదింటిలో అదొకటి. అహ్మదాబాద్‌లో ప్రిస్టీన్ డైమండ్స్ సెన్సర్లకి వజ్రాలు చేస్తోంది, ఆ ఊరి పాత వ్యాపారానికే కొత్త కస్టమర్. ఆ ఎనిమిదిలో మన రెండు రాష్ట్రాలవి ఎన్ని? సున్నా. సత్తా లేక కాదు. మన షెడ్ల వాళ్లకి క్వాంటం అనే మాట వినపడలేదు, క్వాంటం వాళ్లకి బాలానగర్ తెలియదు.

క్యూబిట్ ప్రాసెసర్ చేసినవాళ్లని చూసినా అంతే. ముంబై పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్, పుణె డీఆర్‌డీవో ల్యాబ్, టీసీఎస్ కలిసి పోయినేడు 6 క్యూబిట్ల ప్రాసెసర్ పరీక్షించారు. క్యూబిట్ టీఐఎఫ్ఆర్‌ది. కంట్రోల్ ఎలక్ట్రానిక్స్‌ని పుణె వాళ్లు బజార్లో దొరికే భాగాలతో, సొంతంగా ప్రోగ్రామ్ చేసుకున్న బోర్డులతో కలిపి కట్టారు. ఆ రెండో సగం ఈసీఈ పనే. మాస్టారూ, మీ పాత మైక్రోవేవ్ సిలబస్ పారేయకండి.

కృష్ణలంక · డిసెంబర్ 6, రాత్రి 8:05

మావయ్య గారూ, ప్రాణం లేచొచ్చింది. కొత్త సిలబస్ వచ్చాక మైక్రోవేవ్ ల్యాబ్‌ని ఎలక్టివ్ చేసేద్దామని మా బోర్డు మీటింగులో ప్రతిపాదన వచ్చింది. క్లైస్ట్రాన్ (మైక్రోవేవ్ పుట్టించే గొట్టం) బెంచీలు పాతబడ్డాయని, ఆ గదిలో ‘క్వాంటం సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్’ బోర్డు పెడదామని. లోపల ఏముంటాయి అంటే పాతిక డెస్క్‌టాప్‌లు, క్విస్కిట్. మీ పోస్టు ప్రింటు తీసి తీసుకెళ్తాను.

సర్టిఫికెట్ల గోల కూడా చెప్పాలి. ఒక సంస్థ వాళ్లు వచ్చి వారాంతం కోర్సు, ‘సర్టిఫైడ్ క్వాంటం ఇంజనీర్’ కాగితం, తలకి ఇంత అని బేరం పెట్టారు. పుస్తకం తిరగేస్తే సూపర్‌పొజిషన్ అంటే ఒకేసారి రెండు చోట్ల ఉండటం అని రాసుంది, అంతకుమించి ఒక్క మాట్రిక్స్ లేదు. వద్దన్నందుకు యాజమాన్యం దగ్గర నాకు చివాట్లు.

తాళంచెవి · డిసెంబర్ 6, రాత్రి 9:30

బ్యాంకు ఐటీ సెక్యూరిటీలో ఉన్నాను, హైదరాబాద్. ఎదురుగాలి గారు మొదట్లో ‘బిల్లు కట్టే కస్టమర్ ఎవరు’ అన్నారు. మేమే సార్.

మాకు క్వాంటం కంప్యూటర్ అక్కర్లేదు. అది ఎక్కడో ఒకచోట తయారవుతుందన్న భయం చాలు. ఇవాళ ఎన్‌క్రిప్ట్ అయి పోతున్న డేటాని పోగేసి దాచుకుని, యంత్రం వచ్చాక విప్పుకునేవాళ్లున్నారు. పదేళ్లు రహస్యంగా ఉండాల్సిన రికార్డులకి ముప్పు ఇవాళే మొదలైనట్టు. ఇవాళ వాడే 2048 బిట్ల ఆర్ఎస్ఏ అనే తాళాన్ని విప్పడానికి 2 కోట్ల క్యూబిట్లు కావాలని 2019లో లెక్క వేశారు. ఈ మే నెలలో గూగుల్‌లో పనిచేసే క్రెయిగ్ గిడ్నీ అదే పనికి 10 లక్షల లోపు చాలన్నాడు, వారం లోపే. యంత్రం పెరగలేదు, లెక్క తెలివి పెరిగింది. నాకు అదే ఎక్కువ భయం.

2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్, క్వాంటం యంత్రానికి లొంగకుండా ఉండే తాళాల కోసం మూడు కొత్త ప్రమాణాలు విడుదల చేసింది: ఎంఎల్-కెమ్, ఎంఎల్-డీఎస్ఏ, ఎస్ఎల్‌హెచ్-డీఎస్ఏ. బ్రౌజర్లు అప్పుడే మారిపోయాయి, మీరు క్రోమ్‌లో ఈ పేజీ తెరిచారంటే కొత్త కీ మార్పిడి జరిగే ఉండొచ్చు. మారనివి మా లోపలి సిస్టమ్‌లు. ఏటీఎం స్విచ్, కార్డుల హెచ్ఎస్ఎం (తాళంచెవులు దాచే పెట్టె), ఇరవై ఏళ్ల కిందటి జావా ప్రోగ్రాముల్లో ఎవరో నేరుగా రాసేసిన ఆర్ఎస్ఏ పిలుపులు. ఎక్కడెక్కడ ఏ తాళం వాడుతున్నామో జాబితా తీయడమే మహా యజ్ఞం. ఆ పనికి మనుషుల్ని వెతుకుతున్నాం, దొరకట్లేదు. లీనియర్ ఆల్జీబ్రా కాస్త, టీఎల్ఎస్ (వెబ్ ఎన్‌క్రిప్షన్ పద్ధతి) బాగా, పాత కోడు చదివే ఓపిక ఇంకా బాగా ఉన్నవాళ్లు కావాలి. క్వాంటం మైనర్ చదివిన పిల్లల్లో ఎక్కువమంది తేలేది ఇక్కడే అని నా అంచనా.

మిల్లీకెల్విన్ · డిసెంబర్ 6, రాత్రి 11:50

తాళంచెవి గారితో ఒప్పుకుంటాను, కానీ దాన్ని క్వాంటం ఉద్యోగం అని లెక్కేసుకుంటే మాస్టారి ప్రశ్న దారి తప్పుతుంది. అది మంచి సెక్యూరిటీ ఉద్యోగం. అమరావతిలో యంత్రం ఉన్నా లేకపోయినా ఉంటుంది.

క్వాంటం కమ్యూనికేషన్ మాత్రం అసలు సిసలు ఉద్యోగాల వైపే. బెంగళూరులో క్యూను ల్యాబ్స్ క్వాంటం కీ పంపిణీ (రహస్య తాళంచెవులు పంచే) పెట్టెలు అమ్ముతోంది. 2022లో డీఆర్‌డీవో, ఐఐటీ ఢిల్లీ వాళ్లు ప్రయాగ్‌రాజ్ నుంచి వింధ్యాచల్ వరకు వంద కిలోమీటర్ల పైన మామూలు టెలికాం ఫైబర్ మీదే కీ పంపి చూపించారు. 2,000 కిలోమీటర్ల వరకు పంపడం జాతీయ మిషన్ లక్ష్యం. ఫైబర్, లేజర్లు, ఫోటాన్ డిటెక్టర్లు. ఈసీఈ పిల్లలకి ఇదింకా దగ్గర దారి.

బెంగళూరు అంటే అంతా బ్రహ్మాండం అనుకోకండి. క్యూపీఐఏఐ అనే కంపెనీ ఏప్రిల్‌లో 25 క్యూబిట్ల ఇండస్ కంప్యూటర్ తెచ్చింది, జూలైలో నిధులు కూడా వచ్చాయి. కర్ణాటక వెయ్యి కోట్లు అంది, హెసరఘట్టలో క్యూ-సిటీ అంది. మాకూ ప్రకటనలకి కొదవలేదు. తేడా ఒక్కటే. ఇక్కడ 2021 నుంచి ఐఐఎస్సీలో క్వాంటం టెక్నాలజీ ఎంటెక్ నడుస్తోంది, ఏటా కొద్దిమందైనా చేతిపని నేర్చుకుని బయటికొస్తున్నారు. కంపెనీ పెట్టేవాడికి మొదటి పదిమంది అక్కడే దొరుకుతారు.

థర్డ్ ఇయర్ తమ్ముడూ, నువ్వు చూసిన ఆ 01, 10 ఎందుకొచ్చాయో కూర్చుని లెక్క తీయి. రీడౌట్ (క్యూబిట్‌ని చదవడం) తప్పు ఎంత, గేటు (లెక్కలో ఒక్కో అడుగు) తప్పు ఎంత, క్యూబిట్ తన స్థితి పోగొట్టుకుని ఆరిపోవడం వల్ల ఎంత. మూడూ విడదీసి ఒక పేజీ రాయగలిగితే సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కి అప్లై చేసేటప్పుడు నీ సర్టిఫికెట్లన్నిటి కంటే ఆ పేజీ బరువు.

థర్డ్_ఇయర్_ఈసీఈ · డిసెంబర్ 7, ఉదయం 7:45

సరే అన్నా. రెండు క్యూబిట్లనీ 0లో పెట్టి గేట్లేం లేకుండా కొలిస్తే వచ్చేది రీడౌట్ తప్పే కదా, దాంతో మొదలెడతా. ఈ నెల నిమిషాలు అయిపోయాయి, రీసెట్ అవ్వగానే రన్ చేస్తా.

తుళ్లూరు_రైతుబిడ్డ · డిసెంబర్ 7, ఉదయం 9:20

నిన్న కోపంలో రాసింది తీసేశారు, మంచిదే. అసలు చెప్పదలచుకున్నది ఇది. మా అన్నయ్య కొడుకు ఎయిర్ కండిషనింగ్ డిప్లొమా చేసి విజయవాడలో ఏసీలు బిగిస్తున్నాడు. మిల్లీకెల్విన్ గారు చిల్లర్ ప్లాంటు అన్నారు కదా, అది చదివి వినిపించాను. పెద్ద చిల్లర్ల మీద పని నేర్చుకోవడానికి డేటా సెంటర్లలో చేరమంటారా? డిక్లరేషన్‌లో 2030కి వంద స్టార్టప్‌లు, 2029కి వంద కోట్ల డాలర్ల పెట్టుబడి అని ఉంది గానీ వీడి లాంటి వాళ్లకి ఏ వాక్యం వర్తిస్తుందో నాకు దొరకలేదు.

మైక్రోవేవ్_మావయ్య · డిసెంబర్ 7, ఉదయం 10:10

చేర్పించండి, ఆలోచించకండి. డేటా సెంటర్‌లో రెండేళ్లు చేస్తే చిల్లర్లు, యూపీఎస్, జనరేటర్ మార్పిడి అన్నీ చేతికొస్తాయి. దానికి తోడు వ్యాక్యూమ్ పంపులు, లీక్ డిటెక్టర్ నేర్చుకుంటే మరీ మంచిది. మందుల ఫ్యాక్టరీల్లో ఫ్రీజ్ డ్రయ్యర్ల దగ్గర వ్యాక్యూమ్ పని నేర్పిస్తారు. క్వాంటం వచ్చినా రాకపోయినా తిండికి లోటుండదు.

ఎదురుగాలి · డిసెంబర్ 7, ఉదయం 10:45

ఇది ఒప్పుకుంటున్నాను. 156 క్యూబిట్ల మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు. మొదటి ఏడాది ఆ యంత్రం మీద గంటలు ఎవరికి ఎన్ని దక్కాయో ప్రభుత్వం నెలనెలా బయటపెట్టాలి. యూనివర్సిటీలకెంత, కంపెనీలకెంత, ఖాళీగా ఎంత. అది పెడితే నేనే ఇక్కడ మెచ్చుకుంటూ పోస్టు రాస్తాను.

కోబె_నుంచి · డిసెంబర్ 7, మధ్యాహ్నం 12:05

ఆ డిమాండ్‌కి నా ఓటు కూడా వేసుకోండి. సూపర్‌కంప్యూటర్లకి ఇది మామూలు పద్ధతే. సమయం కోసం ప్రతిపాదన రాయాలి, కమిటీ చూస్తుంది, కేటాయింపు బయట పెడతారు.

కృష్ణలంక · డిసెంబర్ 7, సాయంత్రం 5:30

నాకు కావలసినదానికంటే ఎక్కువే దొరికింది. మైక్రోవేవ్ ల్యాబ్ ఉండాలని గట్టిగా కూర్చుంటాను. ఇంకొక్క సహాయం. ఫ్రిజ్ కొనే స్తోమత మాకు కలలో కూడా లేదు. చల్లదనంలో సిగ్నల్ ఎలా మారుతుందో పిల్లలు చేత్తో చూసే ప్రయోగం ఏదైనా, వేలల్లో అయ్యేది, ఉందా?

మైక్రోవేవ్_మావయ్య · డిసెంబర్ 7, సాయంత్రం 6:15

ఉంది. ఒక నానోవీఎన్ఏ (తీగలో సిగ్నల్ నష్టం కొలిచే చిన్న పరికరం) కొనండి. రెండు కో-యాక్సియల్ ముక్కలు తీసుకోండి, ఒకే పొడవు: ఒకటి రాగిది, ఒకటి స్టెయిన్‌లెస్ స్టీల్‌ది. స్టీల్‌ది దొరకడం కొంచెం కష్టం, నా దగ్గర తుంపులున్నాయి, పంపిస్తాను. గదిలో రెండిటి నష్టం కొలిచి రాసుకోమనండి. తర్వాత చుట్టగా చుట్టి ద్రవ నైట్రోజన్‌లో ముంచి మళ్లీ కొలవమనండి. 77 కెల్విన్ దగ్గర మంచి రాగి నిరోధం ఎనిమిదో వంతుకి దగ్గరగా పడిపోతుంది, స్కిన్ ఎఫెక్ట్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీ కరెంటు లోహం పైపొరలోనే పారడం) వల్ల సిగ్నల్ నష్టం దాని వర్గమూలం లెక్కన తగ్గాలి. స్టీల్‌ది పెద్దగా కదలదు. మరి ఫ్రిజ్‌లో పై భాగాన అంత నష్టం ఇచ్చే స్టీల్ తీగే ఎందుకు వాడతారో పిల్లల చేతే చెప్పించండి. వేడిని మోయదు కాబట్టి అని వాళ్లకే తడుతుంది.

మిల్లీకెల్విన్ · డిసెంబర్ 7, సాయంత్రం 6:40

పైగా ముంచి తీసిన కనెక్టర్లలో ఒకటో రెండో వదులైపోతాయి, ఎందుకంటే లోపలి టెఫ్లాన్ లోహం కంటే ఎక్కువ ముడుచుకుంటుంది. గ్రాఫ్ ఉన్నట్టుండి కిందికి పడిపోతుంది. దాన్ని పాడైన రీడింగ్ అని కొట్టేయనివ్వకండి, మాకు వారాలు తినేసే జబ్బు సరిగ్గా అదే. గది కిటికీలు తెరిచి ఉంచండి, నైట్రోజన్ ఫ్లాస్కుకి గట్టి మూత మాత్రం బిగించొద్దు, పేలుతుంది.